గోడ మీద రెండో సూత్రం ఉంది, తొమ్మిదోది లేదు: ఒక అడ్తి సాఫ్ట్‌వేర్ కేస్ స్టడీ

ఎజైల్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతి పేరు చెప్పగానే మనవాళ్లకు స్టాండప్ (రోజూ నిలబడి పెట్టే చిన్న మీటింగ్), స్ప్రింట్ (వారం, రెండు వారాల పని విడత), రంగురంగుల చీటీలు అంటించిన బోర్డు గుర్తొస్తాయి. వాటన్నిటి కింద ఒక వాదన ఉంది: అవసరాలన్నీ ముందే తెలియవు, కాబట్టి కొంచెం చేసి చూపిస్తూ మార్పుల్ని ఆహ్వానించాలి. ఆ వాదన నిలబడాలంటే ఒక షరతు తీరాలి. అది తీరకుండా మిగతాదంతా ఎంత శ్రద్ధగా చేసినా టీమ్ అలసిపోతుందే తప్ప పని సాగదు. ఈ మాట నేను ట్రైనింగుల్లో చాలాసార్లు చెప్పాను. నిజంగా బోధపడింది మాత్రం ఉత్తర తెలంగాణలో ఒక మార్కెట్ యార్డుకు దగ్గర్లో, తొమ్మిది మంది పనిచేసే చిన్న కంపెనీలో ఏడాదిన్నర పాటు వాళ్లతో కూర్చున్నాక. అందుకే ఈ కేస్ మొత్తం రాస్తున్నా. కంపెనీ పేరు, ఊరు చెప్పను, మనుషుల్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

నేపథ్యం

వరంగల్ ఏనుమాముల లాంటి మార్కెట్ చూసినవాళ్లకు ఈ పేరా అక్కర్లేదు, చూడనివాళ్ల కోసం రాస్తున్నా. పత్తి దసరా దాటాక మొదలవుతుంది, మిర్చి ఊపందుకునేది సంక్రాంతి తర్వాత. రైతు బస్తాలు దించుతాడు, పొద్దున జెండా పాట (ఆ రోజు పై ధర తేల్చే వేలం) అవుతుంది, ఖరీదుదారులు లాట్ల వారీగా ధర కడతారు, దడ్వాయి కాంటా వేస్తాడు, హమాలీలు బస్తాలు ఎత్తుతారు, చివరికి అడ్తిదారు (రైతు సరుకు అమ్మించి కమీషన్ తీసుకునే వ్యాపారి) రైతు చేతిలో తక్‌పట్టీ పెడతాడు. బస్తాల లెక్క, తూకం, తరుగు (తూకంలోంచి తీసేసేది), క్వింటాలు ధర, అందులోంచి పోయే హమాలీ, దడ్వాయి కూలీ, మిగతా కోతలు, ఆఖరున చేతికొచ్చే మొత్తం, అన్నీ ఆ ఒక్క కాగితం మీద ఉంటాయి. దాని మీద రూపాయి తేడా వచ్చినా రైతు అక్కడే నిలబడి అడుగుతాడు. అడగాలి కూడా, ఆరు నెలల కష్టం అది.

మన కంపెనీ ఈ అడ్తి షాపులకూ మిర్చి ఖరీదుదారులకూ బిల్లింగ్, ఖాతాల సాఫ్ట్‌వేర్ చేస్తుంది. నాలుగు యార్డుల్లో కలిపి దాదాపు 90 షాపులు వాడుతున్నాయి. ఐదుగురు డెవలపర్లు, ఒక టెస్టర్, సపోర్ట్‌లో ఇద్దరు, యజమాని. అందరూ ఈ చుట్టుపక్కల జిల్లాల వాళ్లే. ఇద్దరు ముగ్గురికి హైదరాబాద్‌లో పెద్ద జీతాల అవకాశాలు వచ్చినా ఇంటి దగ్గరే ఉండాలని ఆగిపోయారు. పని రాని టీమ్ కాదని ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కేసుల్లో అందరికీ తట్టే మొదటి అనుమానం అదే.

వచ్చిన సమస్య

2022 దసరా తెల్లారి యజమాని ఫోన్ చేశాడు. “అన్నా, మావోళ్లు రోజూ పొద్దుగాల నిలబడి మీటింగ్ పెడుతున్నరు, రెండు వారాలకోసారి ప్లానింగ్ చేస్తున్నరు, చెప్పినయన్నీ చేస్తున్నం. మరి పని ఎందుకు ఎల్తలేదు?”

అప్పుడే తగిలిన దెబ్బ ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చేసి నంబరు తెచ్చుకోవడం. టర్నోవర్ 10 కోట్లు దాటిన వ్యాపారులకు 2022 అక్టోబరు 1 నుంచి అది తప్పనిసరి అయింది. సరిగ్గా బతుకమ్మ రోజులు, ఆఫీసులో సగం మంది లేరు. నేను వెళ్లగానే “గవర్నమెంట్ ఉన్నట్టుండి రూల్ మార్చింది సార్” అన్నారు. నోటిఫికేషన్ వచ్చింది ఆగస్టు 1న. అంటే రెండు నెలల టైమ్ ఉంది. ఆ పని బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల జాబితాలో) పెట్టారు కూడా, కానీ ప్రతి స్ప్రింట్ ప్లానింగ్‌లోనూ దాని ముందుకు ఇంకేదో అర్జెంటు వచ్చి పడింది. ఆఖరి వారంలో హడావుడిగా చేశారు, చేసిందాంట్లో తప్పు దొర్లింది. నిబంధన ప్రకారం 2017-18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలో ఆ పరిమితి దాటినా వర్తిస్తుంది. వీళ్లు కిందటి సంవత్సరం టర్నోవర్ ఒక్కటే చూసే కోడ్ రాశారు. కొన్నేళ్ల కింద 10 కోట్లు దాటి తర్వాత తగ్గిన ఒక మిర్చి వ్యాపారికి ఐఆర్‌ఎన్ (ఆ పోర్టల్ ఇచ్చే బిల్లు నంబరు) లేకుండానే బిల్లులు వెళ్లాయి, అవతలి పార్టీ వాటిని వెనక్కి పంపింది. ఆయన ఆ వారమే వేరే సాఫ్ట్‌వేర్‌కు మారిపోయాడు.

ఇది ఒక్కటే అయితే తప్పు దిద్దుకుని ముందుకెళ్లేవాళ్లు. కానీ రోజూ ఇదే తీరు. రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో సేఠ్‌ల (షాపు యజమానుల) వాయిస్ మెసేజీలు, పొద్దున ఆరింటికి ఫోన్లు. ఒక డెవలపర్ భార్య పురుడు పోసుకున్న రోజు కూడా ఆస్పత్రి వరండాలో ల్యాప్‌టాప్ తెరిచాడట. అది విన్నాక ఈ పని ఒప్పుకోకుండా ఉండలేకపోయాను.

అంతకుముందు వాళ్లు చేసి చూసినవి

2021లో మార్పులకు ఒక ఫారం పెట్టారు. ఏం మారాలో రాసి సేఠ్ సంతకం చేస్తేనే డెవలపర్ ముట్టుకోవాలి. ఆలోచన తప్పని నేను అనను. అవసరం ముందే పూర్తిగా రాసుకుంటే తర్వాత మార్పులు తగ్గుతాయనే నమ్మకం అందులో ఉంది. ఈ దశల వారీ పద్ధతికి మూలం అంటూ 1970 నాటి విన్‌స్టన్ రాయిస్ వ్యాసాన్ని చూపిస్తుంటారు. ఒకదాని తర్వాత ఒకటిగా దశల బొమ్మ గీసిన ఆయనే, ఇలా ఒక్క వరసలో పోతే ప్రమాదం, పరీక్షల దశలో అంతా తిరగబడుతుందని అదే వ్యాసంలో రాశాడు. ట్రైనింగుల్లో ఆయన్ని తప్పు చేసినవాడిగా చూపించే స్లైడ్ కనపడినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఫారం ఎందుకు ఫెయిలైందో చూడండి. ఒక యార్డులో తరుగు బస్తాకు ఇంత అని తీస్తారు, ఇంకోచోట క్వింటాలుకు ఇంత అని. ఫారంలో “తరుగు మార్చాలి” అని ఉంది, కింద సంతకం కూడా ఉంది. సేఠ్ తన యార్డు పద్ధతే లోకమంతటా ఉందనుకున్నాడు, డెవలపర్ తను ఇంతకుముందు చేసిన షాపు పద్ధతే ఇక్కడా అనుకున్నాడు. ఇద్దరూ నిజాయితీగానే ఉన్నారు. అసలు ఆ జ్ఞానం ఉన్నది గుమాస్తా చేతివేళ్లలో, అతన్ని అడిగినా మాటల్లో సగమే చెప్పగలడు, తక్‌పట్టీ చేతికిస్తే మాత్రం “ఇది తప్పు” అని క్షణంలో చూపిస్తాడు. ఇలాంటి చోట చేసి చూపిస్తేనే అవసరం బయటపడుతుంది. ఎజైల్ వాదనలో మొదటి సగం ఇదే.

దాంతో 2022 ఫిబ్రవరిలో స్క్రమ్ అనే ఎజైల్ పద్ధతికి మారారు. రెండు వారాల స్ప్రింట్, స్ప్రింట్ మధ్యలో కొత్త పని తీసుకోకూడదని నియమం. మిర్చి సీజన్ నడుమ హమాలీ రేటు పెరిగింది. స్ప్రింట్ అయిపోవడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. సేఠ్ అన్నది డెవలపర్‌కు ఇప్పటికీ గుర్తే: “రేటు నిన్నటి సంది మారింది. పొద్దుగాల కాంటాలు మొదలైతయి. మీ ప్లానింగ్ ఎప్పుడుంటదో నాకెందుకు?” ఆయన మాటలో న్యాయం ఉంది. నియమం పక్కనపెట్టి చేశారు. ఒకసారి పక్కన పెట్టాక ప్రతి స్ప్రింట్‌లోనూ అదే జరిగింది, చివరికి ప్లానింగ్ మీటింగ్ అంటే ఎలాగూ జరగని పనుల జాబితా రాసుకోవడమే అయింది.

నేను చేసిన తప్పు

ఇక్కడ నా నిర్ణయం గురించి వివరంగా రాయాలి. నేను చూసింది ఇది: మార్పులు రోజూ వస్తున్నాయి, స్ప్రింట్ రెండు వారాలు, రెండిటికీ పొంతన లేదు. కాబట్టి స్ప్రింట్‌ను ఒక వారానికి తగ్గించండి, నిజంగా ఆగలేని వాటికి బోర్డు మీద వేరే అర్జెంటు వరస పెట్టండి, ప్రతి శనివారం మార్పుల్ని షాపులకు రిలీజ్ చేయండి అన్నాను. చిన్న చిన్న ముక్కలుగా, తరచుగా ఇవ్వాలనేది ఎజైల్ చెప్పేదే కదా. అందరికీ సబబుగా తోచింది.

నెల తిరిగేసరికి అర్జెంటు వరసలో ఇరవై చీటీలు. ఏది అర్జెంటో తేల్చడానికి కొలత ఏదీ నేను ఇవ్వలేదు, గట్టిగా అడిగినవాడిదే అర్జెంటు అయింది. అసలు దెబ్బ 2023 ఫిబ్రవరిలో తగిలింది. ఒక శనివారం రిలీజ్‌లో హమాలీ లెక్కలో చిన్న సవరణ జరిగింది. అంతకుముందు మొత్తం కూలీ లెక్కగట్టి చివర్లో రూపాయికి సరిచేసేది, ఈ సవరణతో ప్రతి లైనులోనూ సరిచేయడం మొదలైంది. టెస్టర్ చేత్తో నాలుగైదు బిల్లులు వేసి చూసింది, వాటిలో తేడా కనపడలేదు. సోమవారం ఆరు షాపుల్లో 340 తక్‌పట్టీలు నగదు పుస్తకంతో రూపాయి, రెండు రూపాయలు తేడా వచ్చాయి. ఆ రాత్రి నేను కూడా ఒక షాపులో గుమాస్తాల పక్కన కూర్చుని పదకొండున్నర దాకా వాటిని చేత్తో సరిచేయించాను. ఒక పెద్దాయన, ముప్పై ఏళ్లుగా ఆ పని చేస్తున్నవాడు, ఏమీ అనకుండా కళ్లద్దాలు తుడుచుకుంటూ ఒక్కో చీటీ దిద్దాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఒక్కో మార్పు చేయడానికి ఎంత ఖర్చవుతోందో నేను చూడనేలేదు. ఆ ఖర్చు అలాగే ఉంచి మార్పులు ఎన్నిసార్లు చేయాలో మాత్రం పెంచాను. వారానికోసారి ప్రమాదం జరిగే అవకాశాన్ని నేనే షెడ్యూల్ చేశాను.

1981లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ బ్యారీ బోమ్ ఒక గ్రాఫు గీత చూపించాడు. అవసరాల దశలో దిద్దుకుంటే రూపాయి పడే తప్పుకు, పెద్ద ప్రాజెక్టుల్లో సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్లాక వంద రూపాయల దాకా పడొచ్చని ఆ గీత చెప్తుంది. చిన్న ప్రాజెక్టుల్లో అంత నిటారుగా ఉండదు, అయినా పైకే పోతుంది. గీత అలా ఉన్నంతకాలం ముందే అన్నీ రాసుకోవాలనడం తెలివైన పనే. 1999లో ఇంకో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ కెంట్ బెక్ దాన్ని తిప్పి అడిగాడు: ఆ గీత దాదాపు చదునుగా ఉంటే? ఆటోమేటిక్ టెస్టులు, సరళమైన డిజైన్, ఎప్పటికప్పుడు కోడ్ సర్దుకోవడం, వీటితో రేపటి మార్పు కూడా ఇవాళ్టంత చవకగా పడితే, అప్పుడు అన్నీ ముందే నిర్ణయించుకోవాల్సిన అవసరం పోతుంది కదా? ఎజైల్ వాదనలో రెండో సగం, మార్పును ఆహ్వానించండి అనే మాట వెనకున్న షరతు ఇది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని రాసుకున్న ఎజైల్ ప్రకటన వెనక 12 సూత్రాలున్నాయి. ఆలస్యంగా వచ్చినా మార్పుల్ని ఆహ్వానించండి అనేది రెండోది. మన ఆఫీసు గోడ మీద దాన్ని ప్రింట్ తీసి అంటించారు. మంచి డిజైన్ మీదా సాంకేతిక నైపుణ్యం మీదా ఎడతెగని శ్రద్ధ పెట్టాలనేది తొమ్మిదోది. అది గోడ మీద లేదు, కోడ్‌లో అసలే లేదు. నేను కూడా వెళ్లిన మొదటి రోజు ఆ గోడ చూసి సంతోషపడ్డానే తప్ప ఆ లోటు గమనించలేదు.

చీటీలు నేల మీద పరిచిన రోజు

2023 మార్చి మొదటి వారంలో, గడిచిన పన్నెండు వారాల్లో పూర్తయిన 74 మార్పుల్నీ చీటీల మీద రాయించి ఆఫీసు నేల మీద పరిచాం. ఒక్కోదానికి రెండే ప్రశ్నలు. అసలు మారింది ఏమిటి? దానికోసం కోడ్‌లో ఎన్ని చోట్ల చెయ్యి పెట్టారు?

31 చీటీలు రేట్లు, కోతలు. 12 ప్రింట్‌లో లైను అటూ ఇటూ జరపడం. 8 పన్ను తేదీలు, పరిమితులు. 14 పాత మార్పు చేసినప్పుడు చెడిపోయినవాటిని బాగుచేయడం. మిగిలిన 9 మాత్రమే ఎవరికీ ముందు తెలియని, చేసి చూస్తే తప్ప తేలని కొత్త అవసరాలు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. స్క్రమ్‌ను తెలియనివాటి కోసం తయారుచేశారు. పని అందరికీ కనపడేలా పెట్టుకోవడం, కొంచెం చేసి చూడటం, చూసినదాన్ని బట్టి దారి మార్చుకోవడం, ఇదంతా ముందుగా లెక్కగట్టలేని పనికి పనికొచ్చే పద్ధతి. హమాలీ రేటు మారిందంటే అందులో కనిపెట్టాల్సింది ఏముంది? అంకె మారింది, అంతే. అలాంటి 51 మార్పుల్ని స్ప్రింట్లలోకి తోసి, నిజంగా ఆలోచించాల్సిన 9 పనులకు చోటు లేకుండా చేశాం.

హమాలీ లెక్క కోడ్‌లో 11 చోట్ల ఉందని అప్పుడే తేలింది. కొత్త యార్డు వచ్చినప్పుడల్లా పాత ఫైలు కాపీ చేసి నాలుగు అంకెలు మార్చారు. ఈ-ఇన్వాయిస్ పరిమితి కూడా అలాగే కోడ్ లోపల అంకెగా ఉంది. ఆ పరిమితి 2020 అక్టోబరులో 500 కోట్లతో మొదలై 2021 జనవరిలో 100, ఏప్రిల్‌లో 50, 2022 ఏప్రిల్‌లో 20, అక్టోబరులో 10 అయింది. రెండేళ్లలో నాలుగుసార్లు దిగిన అంకె మళ్లీ దిగుతుందని ఎవరైనా ఊహించవచ్చు. ఏ నిర్ణయం మారే అవకాశం ఎక్కువో దాన్ని ఒక మాడ్యూల్ (ప్రోగ్రాములో ఒక విడి భాగం) లోపల దాచిపెట్టండి, మిగతా ప్రోగ్రాముకు అది తెలియనివ్వకండి అని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ 1972లోనే రాశాడు. మార్పును తట్టుకోవడం గురించి నాకు తెలిసిన మాటల్లో ఇంతకన్నా పనికొచ్చింది లేదు, ఎజైల్ అనే పేరు పుట్టడానికి దాదాపు ముప్పై ఏళ్ల ముందటిది.

వాళ్ల పాత రెట్రోస్పెక్టివ్ (స్ప్రింట్ అయ్యాక ఏం మెరుగుపరచాలో మాట్లాడుకునే మీటింగ్) నోట్సు కూడా తీసి చదివాను. ప్రతిసారీ ఒకటే ప్రశ్న: ఇంకా తొందరగా ఎలా చేయాలి? హమాలీ రేటు మార్చడానికి డెవలపర్ ఎందుకు కావాలి అని ఎవరూ అడగలేదు. మేనేజ్‌మెంట్ పండితుడు క్రిస్ ఆర్జిరిస్ దీనికి గది వేడిని సరిచేసే యంత్రాన్ని ఉదాహరణగా చెప్తాడు. వేడి తగ్గితే పెంచడం, పెరిగితే తగ్గించడం దానికి తెలుసు. అసలు ఈ గదికి ఇంత వేడి అవసరమా అని అది అడగలేదు. అడగగలగడం వేరే స్థాయి నేర్చుకోవడం అంటాడు ఆయన. రెట్రోస్పెక్టివ్ పెట్టినంత మాత్రాన ఆ రెండో ప్రశ్న దానంతట అది రాదు, అందరికీ కనపడేలా ఏదైనా నేల మీద పరిస్తే వస్తుంది.

పనిచేసినవి

సీనియర్ డెవలపర్ “మొత్తం కూలగొట్టి మళ్ల రాస్త సార్, నాలుగు నెలలు ఇయ్యుండ్రి” అన్నాడు. నేను వద్దన్నాను. ఆ వికారమైన కోడ్‌లో పదేళ్ల మార్కెట్ జ్ఞానం ఉంది. ఏ లైను చెత్తో, ఏది ఒక యార్డు పద్ధతో బయటికి చూస్తే తెలియదు. తిరగరాస్తే ఆ జ్ఞానం పోతుంది, పోయిందని సీజన్‌లో గానీ తెలియదు. పైగా ఆ నాలుగు నెలలూ పాత సాఫ్ట్‌వేర్‌కు మార్పులు ఆగవు.

దాని బదులు పాత తక్‌పట్టీలు 1,200 తీసుకున్నాం, అన్ని యార్డులవీ, పత్తివీ మిర్చివీ. ఇచ్చిన అంకెలు ఇవి, రావాల్సిన మొత్తం ఇది అని రాసి, కోడ్ ముట్టుకున్న ప్రతిసారీ అన్నీ ఆటోమేటిక్‌గా సరిచూసే ఏర్పాటు చేశాం. నాలుగు నిమిషాలు పట్టేది. ఫిబ్రవరిలో అది ఉండి ఉంటే రూపాయి తేడా శనివారమే బయటపడేది. ఆ తర్వాతే కోతల్ని ఒక్కొక్కటిగా కోడ్‌లోంచి తీసి టేబుల్‌లోకి (కోడ్ ముట్టకుండా అంకెలు మార్చుకోగల పట్టికలోకి) మార్చడం మొదలుపెట్టాం, ఏ యార్డు, ఏ సరుకు, ఏ తేదీ నుంచి, ఎంత రేటు. తేదీ చాలా ముఖ్యం, పోయిన వారం తక్‌పట్టీ మళ్లీ ప్రింట్ తీస్తే పాత రేటే రావాలి. ఎవరైనా ఒక కోత మార్చమన్నప్పుడే ఆ కోతను టేబుల్‌లోకి మార్చాం, ఎవరూ అడగనిదాన్ని ముట్టుకోలేదు. ఎక్కువగా మారేవి ముందు బయటికొస్తాయి కాబట్టి ఆ వరస దానంతట అదే సరిపోయింది. ఐదు నెలలు పట్టింది.

బోర్డు మీద మొదలుపెట్టి పూర్తికాని పనులు అప్పటికి 36 ఉన్నాయి. వారానికి ఆరు పూర్తవుతున్నాయి. అమెరికన్ ప్రొఫెసర్ జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం సగటున లోపల ఉన్న పనుల సంఖ్యను పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక పని లోపల గడిపే కాలం వస్తుంది, అంటే ఆరు వారాలు. యజమానికి ఇది కాంటా దగ్గర బండ్ల వరసతో చెప్పాను: “యార్డులోకి బండ్లన్నీ ఒకేసారి వదిలితే కాంటాలు పెరగవు కదా, దారి మూసుకపోతది, అంతే.” ఆరు చీటీలకు మించి బోర్డు మీద ఉండకూడదని పెట్టుకున్నాం. కొత్తది లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలి. ఆగలేని పని నిజంగా వస్తే, ఏ చీటీ తీసేస్తున్నారో యజమాని తన చేత్తో తీయాలి. మొదటి వారం ఆయనకు చాలా కష్టమైంది. ఏ సేఠ్‌కు లేదని చెప్పాలో ఆయనే నిర్ణయించాల్సి వచ్చింది, అంతకుముందు ఆ భారం తెలియకుండానే డెవలపర్ల మీద పడేది. తేదీ ముందే తెలిసిన చట్టం మార్పులకు పక్కన ఒక క్యాలెండర్ పెట్టాం, నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే ఎవరో ఒకరు దాన్ని పూర్తిగా చదివి, ఉదాహరణ బిల్లులు నాలుగు రాయాలి.

ఇక మనుషుల సంగతి. మార్పును నిర్వహించడం అంటే కోడ్‌లో మార్పు సగమే. గుమాస్తాలు సాఫ్ట్‌వేర్ సరిగా వాడట్లేదని అందరూ అంటుంటే ఇద్దరు డెవలపర్లతో పొద్దున ఏడింటికి యార్డుకు వెళ్లాం. గుమాస్తాలు ముందు కాగితం మీద రాసుకుని రాత్రి కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు. ఎందుకని అడిగితే ఒకాయన అన్నాడు: “రైతు ఎదురుంగ నిలబడితె గీ పద్నాలుగు డబ్బాలు ఎప్పుడు నింపాలె సార్? కాయిదం మీద రెండు గీతలు గీస్తె అయిపాయె.” అంతకుముందు కంపెనీ దీనికి మూడుసార్లు ట్రైనింగ్ పెట్టింది. మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1947లో చెప్పినదాని సారం ఏమిటంటే, ఇప్పుడున్న స్థితి ముందుకు తోసే బలాలకూ వెనక్కి లాగే బలాలకూ మధ్య నిలబడి ఉంటుంది. ఇంకా గట్టిగా తోస్తే మనుషుల్లో ఒత్తిడి పెరుగుతుంది, వెనక్కి లాగేదాన్ని తీసేస్తే ఒత్తిడి లేకుండానే కదులుతుంది. ట్రైనింగులు తోయడమే. కాబట్టి స్క్రీన్‌ను వాళ్లు కాగితం మీద రాసే వరసలోకి మార్చాం, కాంటా దగ్గర ఐదు డబ్బాలు నింపితే చాలు, మిగతావి టేబుల్‌లోంచి వస్తాయి.

అయినా కొందరు కాగితం వదల్లేదు. టీ తాగుతున్నప్పుడు అసలు సంగతి బయటపడింది: కాగితం మీద కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు, కంప్యూటర్‌లో దిద్దితే ప్రతి దిద్దుబాటూ సేఠ్ రిపోర్టులో ఎర్రగా కనపడుతుంది. ఇది తేల్చడం కష్టమైంది. దిద్దుబాట్లు దాచితే మోసానికి తలుపు తెరిచినట్టు, చూపిస్తే భయానికి కాగితమే గతి. చివరికి సాయంత్రం లెక్క మూసేదాకా చేసిన దిద్దుబాట్లు రిపోర్టులో రావు, మూసిన తర్వాతవి వస్తాయి, లోపల లాగ్ (ఏది ఎప్పుడు దిద్దారో రాసుండే రికార్డు) మాత్రం అన్నిటికీ ఉంటుంది అని పెట్టాం. సేఠ్‌లందరికీ ఈ సంగతి ముందే చెప్పాం. ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్ల షాపుల్లో పాత పద్ధతే ఉంచాం.

ఆఫీసులో కూడా అలాంటిదే ఒకటి జరిగింది. టేబుళ్ల పని మొదలయ్యాక సీనియర్ డెవలపర్ ముభావంగా ఉంటున్నాడు, చీటీలు ఆలస్యమవుతున్నాయి. హమాలీ లెక్క 11 చోట్ల ఎక్కడుందో తెలిసినవాడు అతనొక్కడే, అతని గౌరవమంతా అందులో ఉంది, మనం దాన్ని టేబుల్‌లో పెట్టేస్తున్నాం. ఇది నేను ముందే ఆలోచించాల్సింది. 1,200 తక్‌పట్టీల్లో కొన్ని అప్పట్లోనే తప్పుగా వెళ్లినవి ఉన్నాయి, ఏవి తప్పో చెప్పగలిగింది అతనే. ఆ తక్‌పట్టీలతో కోడ్‌ను సరిచూసే పరీక్షల పెట్టె బాధ్యత అతనికి అప్పగించి, అతను ఒప్పుకోనిదే ఏ లెక్కా రిలీజ్ కాదని అందరి ముందూ చెప్పాం. వారంలో మనిషి మారాడు. ఒక రోజు తనంతట తనే వచ్చి, 2016 నాటి ఒక యార్డు పద్ధతి గురించి గంటసేపు చెప్పి రాయించాడు.

తర్వాత

2023 మే 10న ఇంకో నోటిఫికేషన్ వచ్చింది, ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ పరిమితి 5 కోట్లు. ఈసారి టేబుల్‌లో ఒక వరస చేర్చారు, ఉదాహరణ బిల్లులు నాలుగు పరీక్షల పెట్టెలో వేశారు, మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది. ఆగస్టు దాకా మిగిలిన టైమంతా ఏయే షాపులకు ఇది కొత్తగా వర్తిస్తుందో వెతికి, వాళ్లకు ఫోన్లు చేసి చెప్పడానికి వాడుకున్నారు. 2024 మిర్చి సీజన్‌లో హమాలీ రేటు మారినప్పుడు సపోర్ట్ అమ్మాయే పది నిమిషాల్లో ఎక్కించింది. మేడారం జాతర వారంలో ఇద్దరే ఆఫీసులో ఉన్నారు, బోర్డు మీద రెండే చీటీలు పెట్టుకున్నారు, ఎవరూ జాతర నుంచి ఫోన్ ఎత్తాల్సి రాలేదు. మొదలుపెట్టిన పని సగటున ఎనిమిది రోజుల్లో బయటికొస్తోంది.

అన్నీ బాగుపడలేదు. ప్రింట్ లైన్ల గొడవ అలాగే ఉంది, ప్రతి సేఠ్‌కూ తన తక్‌పట్టీ తనలాగే ఉండాలి. రాత్రి ఫోన్లు తగ్గాయి కానీ పోలేదు.

ఇంకోచోట ఇలాంటి టీమ్ పిలిస్తే నేను మొదటి రోజు స్టాండప్ చూడను. గడిచిన మూడు నెలల మార్పులు చీటీల మీద రాయించి పరుస్తాను. ఏది తెలిసిన మార్పు, ఏది తేదీతో వచ్చేది, ఏది చేసి చూస్తే గానీ తేలనిది, వేరుచేయకుండా స్ప్రింట్ ఎన్ని రోజులుండాలో చెప్పను. ఒక మార్పు చేసి, అది మిగతా వేటినీ చెడగొట్టలేదని నమ్మకం కలగడానికి ఎంతసేపు పడుతోందో గడియారం పెట్టి చూస్తాను. అది రోజుల్లో ఉన్నంతకాలం రిలీజులు పెంచమని చెప్పను, ఆ సలహా ఎంత ఖరీదైందో 340 తక్‌పట్టీల దగ్గర చూశాను.

ఇప్పుడు కొత్త చిక్కు ఒకటి కనపడుతోంది. టేబుళ్లలో వరసలు బాగా పెరిగిపోయాయి. ఏప్రిల్‌లో సపోర్ట్ అమ్మాయి ఒక రేటుకు తేదీ వేసేటప్పుడు నెల తప్పు వేసింది. కోడ్‌కు పరీక్షల పెట్టె ఉంది కానీ టేబుల్‌లో ఎక్కించే అంకెలకు లేదు. సీనియర్ డెవలపర్ దానికి కూడా పాత తక్‌పట్టీలతోనే ఏదో దారి చూస్తానంటున్నాడు. పత్తి సీజన్‌కు ముందు, వానాకాలంలో పని కొంచెం పలుచగా ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి నేల మీద చీటీలు పరుద్దామని అనుకున్నాం, ఈసారి కోడ్ మార్పులవి కాకుండా టేబుళ్లలో జరిగిన మార్పులవి.